మడతబల్ల మీద ఆవకాయ జాడీ

ఆ రోజుల్లో, సికింద్రాబాదు చిలకలగూడలో మేం కాపురం పెట్టిన వంటింట్లో ఇద్దరు మనుషులు ఒకేసారి ఊపిరి పీల్చుకోవడానికి వీలుండేది కాదు. ఒకరు పీల్చేటప్పుడు రెండోవాళ్లు వదలాలి. లోపల నేను తుమ్మితే బయట దండెం మీద ఆరేసిన బట్టలు ఊగేవి. కొత్త అగ్గిపెట్టె తెస్తే పాతది బయట పారేసి గానీ లోపల పెట్టడానికి కుదిరేది కాదు. (కొంచెం ఎక్కువైంది, ఒప్పుకుంటాను. ఆ వంటిల్లు నాలుగడుగుల వెడల్పు, అయిదడుగుల పొడుగు. మా ఆవిడ ఇది చదివితే 'అయిదున్నర' అంటుంది. ఆ అరడుగు ఆవిడకి ఎక్కణ్ణించి దొరికిందో నాకిప్పటికీ తెలియదు. అంత చోటు మా వంటింట్లో దాచుకుని కూడా నాకు చెప్పలేదంటే, ఆవిడ సంగతి మీరే అర్థం చేసుకోండి.)

ఇప్పుడీ కథ ఎందుకు ఎత్తుకున్నానంటే, మొన్న మా మనవరాలు కాప్రాలో కొత్త ఫ్లాట్‌లోకి దిగింది. వంటిల్లు చిన్నదని దానికి బెంగ. చిన్నదంటే ఏమిటనుకున్నారు, మా చిలకలగూడ పోర్షన్ మొత్తం అందులో పెట్టి చుట్టూ ప్రదక్షిణ చెయ్యొచ్చు. గోడలో ఒక సందు కనబడితే దాన్ని లాగుతుంది, అందులోంచి అలమార బయటికొస్తుంది. మూలలో చెయ్యి పెడితే పళ్లెం గుండ్రంగా తిరిగి డబ్బాలన్నీ ముందుకొస్తాయి. గోడకి నొక్కితే ఒక బల్ల వాలుతుంది. "చూశావా తాతయ్యా, స్పేస్ సేవింగ్!" అంటూ ఫోన్లో ఇంకా ఏవేవో వీడియోలు చూపించింది. నేను నవ్వి, "పిచ్చిదానా, ఈ వాలే బల్లని మీ అమ్మమ్మ కాపురానికొచ్చిన మూడో నెలలోనే నేను కనిపెట్టాను" అన్నాను. పక్కన చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా ఆవిడ ఒక్కసారి దగ్గింది. ఆ దగ్గు నాకు బాగా తెలుసు. నేను కథ మొదలుపెట్టినప్పుడల్లా వస్తుంది, పూర్తయ్యేదాకా తగ్గదు.

అప్పటికి నేను ఒక ఆఫీసులో ఇంజనీరుని. (డ్రాఫ్ట్స్‌మన్ని. సరే, డ్రాఫ్ట్స్‌మన్ గీసిన నక్షా మీద పల్చటి కాగితం పరిచి, దాన్నే మళ్లీ గీసే ట్రేసర్ని. పెళ్లిచూపుల్లో మా మేనమామ 'కుర్రాడు ఇంజనీరింగ్ సైడు' అన్నాడు. అవతలివాళ్లు 'ఆహా' అన్నారు. ఆ ఆహాకి అడ్డు రావడం మర్యాద కాదని ఊరుకున్నాను.) మేముండేది ఒకే గది, దాని వెనక ఈ వంటిల్లు. అలాంటి వాటాలు ఆ ఆవరణలో అయిదుండేవి. అన్నిటికీ కలిపి ముందూ వెనకా చుట్టివచ్చే ఒక వసారా, ఒక నల్లా, ఒక ఓనరమ్మ. మా పక్క వాటాలో గుంటూరు నుంచి వచ్చిన టీచరమ్మగారి కుటుంబం. ఆదివారం పొద్దున్న వాళ్లంతా తెల్లబట్టలు కట్టుకుని చర్చికి బయల్దేరుతుంటే, నేను లుంగీలో పళ్లు తోముకుంటూ సిగ్గుపడి స్తంభం చాటుకి వెళ్లేవాణ్ణి.

వంటింటి లోపలి భూగోళం మీకు చెప్పాలి, చెప్పకపోతే నా ఘనత అర్థం కాదు. లోపలికి అడుగుపెడితే ఎడమ పక్క పొయ్యి గట్టు. దాని మీద కిరోసిన్ స్టవ్వు, దాని పక్కన మా ఆవిడ కత్తిపీట పెట్టుకునేంత ఖాళీ. కుడి గోడ వెంట నీళ్ల బిందెలు, బియ్యం డబ్బా, కిరోసిన్ టిన్ను. నెత్తిమీద సన్న చెక్కతో చేసిన అటక, దాని మీద ఖాళీ డబ్బాలు తప్ప బరువేదీ ఆగదు. తలుపుకి ఎదురుగా ఇనప ఊచల కిటికీ, దానవతల వసారా. ఇక ఆ తలుపు. అది లోపలికి తెరుచుకునేది. తెరుచుకోగానే మిగిలిన నేలంతా దానికే సరిపోయేది. లోపలికెళ్లిన మనిషి పొట్ట పీల్చుకుని బిందెలకి అతుక్కుంటే తప్ప తలుపు మళ్లీ మూసుకోదు. అప్పట్లో నాకు పీల్చుకోవడానికి పొట్ట లేదు కాబట్టి సరిపోయింది.

ఇలా మేం హాయిగా, ఊపిరి వంతులు వేసుకుని కాపురం చేసుకుంటుండగా, ఎండాకాలం వచ్చింది, మామిడికాయలు వచ్చాయి, వాటితోపాటు కాకినాడ నుంచి మా అత్తగారొచ్చారు.

మా అత్తగారింట్లో ఒక ఆనవాయితీ ఉంది. కూతురు కాపురానికెళ్లిన మొదటి ఏడు ఆవకాయ, కూతురింట్లోనే, తల్లి చేత్తోనే పెట్టాలి. దానికోసం పెళ్లిలో సారెతోపాటు ఒక పెద్ద జాడీ ఇస్తారు. ఆ జాడీలో దిగితే నేను మునిగిపోతాను. (నా మోకాలు దాటి ఉంటుందంతే.) దానికి నియమాలు నాలుగు. నేల మీద పెట్టకూడదు, చెమ్మ తగులుతుంది. పొయ్యి పక్కన ఉంచకూడదు, సెగ తగులుతుంది. మనుషులుండే గదిలో పెట్టకూడదు, అందరి చేతులూ తగులుతాయి. ఒకసారి పెట్టాక, మూడో రోజున మూత తీసి తిరగకలిపేదాకా అంగుళం కదపకూడదు, ఎందుకో ఎవరూ చెప్పలేదు.

ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. అత్తగారు కొత్త అల్లుడితో నేరుగా మాట్లాడరు. నేను ఎదురుగా మూడడుగుల దూరంలో కూర్చుని ఉన్నా సరే, ఏదైనా చెప్పాలంటే గోడకో, కూతురికో చెబుతారు. ఆవిడొచ్చిన రోజునే మా వంటింట్లోకి తల పెట్టి (తల వరకే పట్టింది) చూశారు. చూసి, వెనక్కి వచ్చి, మా ఆవిడతో, నాకు స్పష్టంగా వినబడేలా అన్నారు.

"అమ్మాయ్, జాడీ ఎక్కడ పెడతావే?"

"చూద్దాంలే అమ్మా."

"చూడ్డానికేముంది, చూశాగా. జాడీకి చోటు లేని ఇంట్లో ఆడది కాపురం ఎలా చేస్తుందే? ఆదివారం సాయంత్రం నా రైలు. ఆ లోపల జాడీకి చోటు దొరికిందా, నేనొక్కదాన్నే ఎక్కుతాను. దొరకలేదా, నువ్వూ, నేనూ, జాడీ, ముగ్గురం ఎక్కుతాం. ఆయన్ని రెండు గదుల ఇల్లు చూసుకుని అప్పుడు కబురు చెయ్యమను."

ఆయన అంటే నేను. పెళ్లయి మూడు నెలలు. అప్పుడప్పుడే మా ఆవిడ నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టింది. (నన్ను చూసి నవ్వేదో, నా మాటలకి నవ్వేదో, నా లుంగీకి నవ్వేదో విడదీసి అడగలేదు.) ఆఫీసు నుంచి వచ్చేసరికి వసారాలో స్తంభం పక్కన నిలబడి ఉండేది. అలాంటి మనిషిని ఒక పచ్చడి జాడీకి తోడుగా రైలెక్కించేస్తారా? ఆ సికింద్రాబాదు స్టేషన్లో నిలబడి నేను ఎవరికి టాటా చెప్పాలి, జాడీకా? రెండు గదుల ఇల్లు నా జీతంలో ఏ శతాబ్దంలో వస్తుంది?

అంతే, నాలోని ఇంజనీరు (ట్రేసరు) లేచాడు. ఆఫీసులో అందరూ భోజనాలకి వెళ్లాక ఒక పెద్ద కాగితం పరిచి, మా వంటింటిని పైనుంచీ, పక్కనుంచీ, అడ్డంగా కోసీ గీశాను. అప్పుడు నాకు కనబడింది ఆ రహస్యం. వంటింట్లో ఖాళీ లేకపోవడమేమిటి, తలుపు తిరిగే చోటంతా ఖాళీయే! తలుపు మూసి ఉన్నంతసేపూ అక్కడ గాలి తప్ప ఏముంది? ఆ గాలిని వాడుకోవాలి. కుడి గోడకి మడతబందులతో ఒక బల్ల బిగించాలి. లేపితే గోడకి అతుక్కుని కొక్కేనికి ఆగుతుంది. దించితే దాని రెండో కొస వచ్చి పొయ్యి గట్టు అంచు మీద ఆనుతుంది. మూసిన తలుపుకి సరిగ్గా ముందు, నేలకి తగలకుండా, స్టవ్వుకి దూరంగా, ఒక రాజసింహాసనం! ఆ నక్షాకి కింద నా పేరు రాసి, పైన పొట్టి అక్షరాల్లో 'జాడీ పీఠము' అని రాశాను. అక్షరాలు ఎంత బాగా కుదిరాయంటే ఇంకేం ఆలోచించాల్సిన అవసరం కనబడలేదు.

శనివారం ఆఫీసు ఒంటిపూట. ఒక పాత ప్యాకింగ్ పెట్టె చెక్కలు తెచ్చి, బందులు బిగించి, బల్ల తయారుచేశాను. కొక్కేనికి ఒక తాడు కట్టి, ఆ తాడుని గట్టు దాకా లాక్కొచ్చాను, గట్టు దగ్గర లాగితే చాలు, కొక్కెం ఊడి బల్ల తనంతట తనే 'ఠాప్' మని వాలుతుంది. పదిసార్లు వాల్చి చూశాను, పదిసార్లు లేపి చూశాను. దాని మీద మంచినీళ్ల గ్లాసు పెట్టి చూశాను. మా ఆవిడని కూర్చోమన్నాను, నవ్వుతూ పారిపోయింది, నేనే కూర్చున్నాను. ఆగింది. అత్తగారు గది గుమ్మంలోంచి ఇదంతా చూసి గోడతో అన్నారు, "చూద్దాం."

ఆదివారం పొద్దున్నే మోండా మార్కెట్‌కి వెళ్లి మామిడికాయలు అక్కడే కొట్టించి తెచ్చాను. గదిలో పాత చీర పరిచి, ముక్కలు తుడిచి, ఆవపిండీ, కారం, ఉప్పూ, నూనే పోసి అత్తగారు కలుపుతుంటే వసారాలో నడిచే వాళ్ల కాళ్లు ఆగిపోయేవి. జాడీ నిండింది. మూతికి గుడ్డ వాసెన కట్టారు. ఇక నా ఘట్టం.

ముందుగా నేను లోపలికెళ్లాను. నేల మీద నిలబడితే తలుపు మూసుకోదు కాబట్టి, కత్తిపీట తీసి బయటికిచ్చేసి, ఆ ఖాళీలో పొయ్యి గట్టెక్కి కూర్చున్నాను. ("అమ్మాయ్, పొయ్యి గట్టు మీద కూర్చుంటారుటే ఎవరైనా!" అని కూతురికి ఫిర్యాదు వెళ్లింది.) మా ఆవిడ జాడీ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. పెట్టి, బయటికెళ్లి, గొళ్లెం పట్టుకుని తలుపు దగ్గరికి లాగింది. అందరూ చుట్టు తిరిగి వసారాలో కిటికీ దగ్గరికి వచ్చారు. నేను జాడీని రెండు చేతులా కావలించుకుని, తాడుని పళ్లతో పట్టి లాగాను. (ఒక చేత్తో లాగాను. పళ్లతో అయితే చెప్పుకోవడానికి బాగుంటుందని.) ఠాప్! బల్ల వాలింది. గట్టు అంచు మీద అచ్చంగా ఆనింది. ఒళ్లో జాడీని బల్ల మీదికి జరిపాను. బల్ల కిర్రుమంది, అంతే, నిలబడింది. నేల తగల్లేదు, సెగ తగల్లేదు. చిలకలగూడ అంతా చప్పట్లు కొట్టింది. (మా ఆవిడ కొట్టింది. ఒకసారి.)

అత్తగారి మొహంలో మొదటిసారి ఒక వెలుగు కనబడింది. "బాగానే ఉందే" అన్నారు. గెలిచేశాను! గట్టు మీంచి కిటికీ వైపు నేల మీదికి గెంతి, విజయగర్వంతో చేతులు దులుపుకున్నాను.

"అమ్మాయ్, ఆయన్నిక బయటికి రమ్మను. అన్నం తిందురుగాని."

నేను తలుపు వైపు తిరిగాను. తలుపు లోపలికి తెరుచుకుంటుంది. తలుపు ముందు బల్ల ఉంది. బల్ల లేపితే గానీ తలుపు రాదు. బల్ల మీద జాడీ ఉంది. జాడీని మూడు రోజుల దాకా కదపకూడదు.

నా నక్షాలో జాడీ ఉంది, బల్ల ఉంది, బందులున్నాయి, కొక్కెం ఉంది, కింద నా పేరు కూడా ఉంది. జాడీ పెట్టిన మనిషి మళ్లీ బయటికి రావాలన్న సంగతి ఒక్కటే లేదు. పదిసార్లు వాల్చి చూసినప్పుడు మళ్లీ పదిసార్లు లేపాను కదా, అందుకని తట్టలేదు. గ్లాసైతే చేత్తో పట్టుకుని లేపేశాను. ఈ జాడీని ఒక చేత్తో ఎత్తడానికి నేను భీముణ్ణి కాదు. బల్ల లేపడానికేమో రెండు చేతులూ కావాలి. దించి నేల మీద పెడదామా అంటే, చెమ్మ మాట అలా ఉంచండి, మిగిలిన ఆ కాస్త నేలా తలుపు తిరిగే నేలే.

నేను కిటికీ దగ్గరికి వచ్చి, వీలైనంత మామూలుగా, "కాసేపు ఇక్కడే ఉంటాను, చల్లగా ఉంది" అన్నాను. మే నెల మధ్యాహ్నం. చెమట ముక్కు చివర నుంచి కారుతోంది.

మా ఆవిడ నన్ను చూసింది, బల్లని చూసింది, తలుపుని చూసింది. చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అత్తగారికి అర్థం కావడానికి ఇంకో నిమిషం పట్టింది. ఆవిడ గొంతు లేచేసరికి చర్చి నుంచి అప్పుడే వచ్చిన టీచరమ్మగారు బైబిలు చేత్తో పట్టుకుని అలాగే వచ్చేశారు. వెనకాల ఓనరమ్మ చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుంటూ వచ్చింది.

"ఏందీ లొల్లి? గీయనేంది, గట్ల ఊచలు పట్టుకొని నిలవడ్డడు?"

"తలుపు రావడం లేదండీ" అంది మా ఆవిడ.

"ఎందుకొస్తలేదు?"

"బల్ల అడ్డం ఉందండీ."

"బల్ల లేపరాదు?"

"బల్ల మీద జాడీ ఉందండీ."

"జాడీ తియ్యరాదు?"

"మూడో రోజు దాకా కదపకూడదుటండీ, అమ్మ ఒప్పుకోదు."

ఓనరమ్మ నావైపు తిరిగి జాలిగా చూసింది. "అయితే మూడు దినాలు గా జాడీతోని సంసారం జేస్తవా బిడ్డా?"

టీచరమ్మగారు బైబిలు గుండెకి హత్తుకుని, "బాబుగారూ, భయపడకండి, దారి దొరుకుతుంది" అన్నారు. ఆవిడ భుజాలు ఊగుతున్నాయి. ప్రార్థన వల్ల కాదని నాకు తెలుస్తూనే ఉంది.

"పెద్దమ్మా, జెర ఆలోచన చెయ్యిండ్రి" అని ఓనరమ్మ అత్తగారితో అంది. "జాడీ ముఖ్యమా, అల్లుడు ముఖ్యమా?"

అత్తగారు ఆలోచించారు. ఆవిడ ఆలోచించడం తప్పు కాదు, కానీ అంతసేపు ఆలోచించాల్సిన ప్రశ్న కాదని నా అభిప్రాయం. చివరికి, "మొదటి ఏడు ఆవకాయమ్మా. కదిలిస్తే మంచిది కాదు" అన్నారు.

"అట్లనా! మరి చోటు లేకపోతే జాడీని రైల్ల తీస్కపోతనంటివంట గదా? రైల్ల కూసుంటే జాడీ కదల్దా?"

అత్తగారు వసారా చూరు వైపు చూశారు. ఆ కాస్త సందులో మా ఆవిడ ఒక సన్నటి గ్లాసుతో మజ్జిగ ఊచల మధ్య నుంచి నాకందించింది. అందిస్తూ నా వేళ్లు పట్టుకుని, ఎవరికీ వినబడకుండా, "కంగారుపడకండి, తొందరేం లేదు" అంది. మా ఒక్క గదిలోకి అత్తగారు దిగిన తర్వాత, ఎవరూ వినకుండా ఆవిడ నాతో అన్న మొదటి మాట అది. మజ్జిగలో ఉప్పెక్కువైంది. అమృతంలా ఉంది. తొందరేం లేదనడమేమిటి అన్న ప్రశ్న అప్పుడు నాకు తట్టి ఉంటే, నేను నిజంగానే ఇంజనీరునై ఉండేవాణ్ణి.

అప్పుడు మా ఆవిడ వాళ్ల అమ్మ వైపు తిరిగి, చాలా వినయంగా అడిగింది. "అమ్మా, జాడీ కదపకూడదన్నావు. జాడీలోంచి పచ్చడి తియ్యకూడదని ఏమైనా ఉందా?"

"తియ్యకూడదని లేదు. ఏం?"

"పచ్చడంతా తీసేస్తే జాడీ తేలికవుతుందిగా. పచ్చడి కదల్లేదు, జాడీ కదల్లేదు, వడ్డించాం, అంతే."

ఆ తర్కం విని టీచరమ్మగారు అంతటి టీచరమ్మగారు నోరు తెరిచారు. పొడవాటి పొడి గరిటె ఒకటి ఊచల్లోంచి నా చేతికొచ్చింది. వాసెన విప్పాను. ఆవపిండి ఘాటు ఆ నాలుగడుగుల్లో గుప్పున లేచి నా కళ్లల్లోంచి నీళ్లొచ్చాయి. (కొన్ని ఘాటు వల్ల.) గరిటెడు ఆవకాయ తీసి, ఊచల మధ్య నుంచి బయటికి చాపాను. అవతల గిన్నె కావాలి. మా గిన్నెలు రెండు నిండాయి. జాడీ అణువంత కూడా తగ్గలేదు.

"నా తాన పింగాణీ డబ్బా ఉన్నది, ఆగుండ్రి" అని ఓనరమ్మ పరిగెత్తింది. టీచరమ్మగారు రెండు సీసాలు తెచ్చారు. వార్త నల్లా దగ్గరికి చేరింది. పది నిమిషాల్లో చిలకలగూడ నుంచి స్టేషన్ దాకా క్యూ కట్టారు. (మా అయిదు వాటాల వాళ్లూ. పక్కింటి వాళ్లు ఇద్దరు. కానీ గిన్నెలు మాత్రం చాలా ఉన్నాయి.) నేను కిటికీ లోపల రేషన్ షాపు డీలరులా నిలబడి వడ్డిస్తున్నాను. "అన్నా, ముక్కలు ఎక్కువెయ్యి." "నూనె మాక్కూడా రావాలండీ." "గాళ్లకి రెండు గరిటెలేసి మాకొక్కటేనా, గిదేం న్యాయం?" "నాకు సుత టెంక ఉన్న ముక్క కావాలె!"

ఇక అత్తగారు. క్యూ మొదలైన కాసేపటికి ఆవిడలో ఏదో మారింది. ఎవరో కడిగిన గిన్నె అలాగే పట్టుకొచ్చారు. ఆ చెమ్మని చూడగానే ఆవిడ ఒక్క గెంతులో కిటికీ పక్కకొచ్చి, పొడి తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డారు. "తడి! తడి! వెనక్కి తీసుకెళ్లు. ఎండలో పెట్టి తీసుకురా. నీదేదీ, చూపించు. ఊఁ, పొడిగా ఉంది, పో." ప్రతి గిన్నెలో వేలు పెట్టి చూసి, తుడిచి, వరసలో నిలబెట్టారు. ఎవరి గిన్నెకి ఏ మూతో ఆవిడే చెప్పారు. ఆ హడావిడిలో, నా చెయ్యి నుదుటి చెమట తుడుచుకోవడానికి లేవగానే, ఆవిడ జీవితంలో మొట్టమొదటిసారి అల్లుడి మొహంలోకి నేరుగా చూసి అరిచారు.

"అల్లుడుగారూ! చెమట చెయ్యి గరిటెకి తగిలిందా, ఊరుకోను!"

క్యూ అంతా ఆవిడ వైపు తిరిగింది. అత్తగారే ముందు నవ్వారు.

నేను ఆ వంటింట్లో ఆరు గంటలున్నాను. (రెండున్నర. మా ఆవిడ లెక్కలో గంటన్నర.) అడుగున మిగిలిన నూనె కూడా గీకి ఓనరమ్మ డబ్బాలో వేశాక, ఖాళీ జాడీని కావలించుకుని అటక మీదికి ఎక్కించాను. బల్ల లేపి కొక్కెం తగిలించాను. పొట్ట పీల్చుకుని బిందెలకి అతుక్కున్నాను. తలుపు తెరుచుకుంది. ఎర్రటి చేతులతో, ఎర్రటి కళ్లతో, ఒళ్లంతా ఆవకాయ వాసనతో నేను బయటికొస్తే ఓనరమ్మ దిష్టి తీసింది.

రైలు టైము దగ్గర పడింది. నేను అన్నం పళ్లెం ముందు కూర్చుని ముద్ద కలుపుతూనే ఉన్నాను. జాడీకి చోటు దొరికిందా, దొరకలేదా? ఏ రకంగా చూసినా దొరకనట్టే. మా ఆవిడ పెట్టె సర్దలేదు, కూర్చుని వాళ్లమ్మ వైపు చూస్తోంది. అత్తగారు గుమ్మంలో నిలబడి, వసారా పొడుగునా ఒక్కో వాటా తలుపునీ చూసుకుంటూ వెళ్లారు. ఎవరింట్లో ఎన్ని గిన్నెలున్నాయో లెక్క కుదరక మళ్లీ మొదటికొచ్చారు. ఆఖరికి నిట్టూర్చి అన్నారు.

"మూడో రోజున తిరగకలపాలి. ఇంటింటికీ వెళ్లి, పొడి గరిటెతో, అన్ని గిన్నెలూ కలపాలి. నువ్వు లేకపోతే ఎవరు కలుపుతారే? వీళ్లకేం తెలుసు! టీచరమ్మగారి సీసాలో నూనె తక్కువైంది, అది కూడా చూసుకో." తర్వాత నావైపు తిరిగి, నేరుగా నాతోనే, "సగం వాళ్లని తినమన్నాను, సగం మనది. జాగ్రత్త" అన్నారు.

ఆ సాయంత్రం సికింద్రాబాదు స్టేషన్లో ముగ్గురిలో ఇద్దరే రైలెక్కారు. అత్తగారూ, జాడీ. ఖాళీ జాడీకైనా మా ఇంట్లో ఆ సన్న చెక్క అటక తప్ప చోటు లేదు కదా.

ఆ ఏడాదంతా మా ఆవకాయ అయిదు వంటిళ్లల్లో ఉంది. మా ఆవిడ చిన్న గిన్నె పట్టుకుని ఒకరోజు ఓనరమ్మ దగ్గరికి వెళ్లేది, ఒకరోజు టీచరమ్మగారి దగ్గరికి. పచ్చడి కోసం వెళ్లి, గంట తర్వాత పచ్చడితోపాటు జొన్నరొట్టో, కేకు ముక్కో, ఎవరింట్లో ఏం గొడవైందో ఆ కబురో పట్టుకొచ్చేది. టీచరమ్మగారి సీసాలు అందరికన్నా ముందు ఖాళీ అయ్యాయి. నూనె తక్కువై పాడైపోతుందని తినేశామన్నారు. ఓనరమ్మ మాత్రం తన డబ్బాలోంచి ఒక్క ముక్క తీసివ్వాలన్నా ముందు మాకు అన్నం పెట్టేది. జాడీ పీఠం మీద ఆ తర్వాత మా ఆవిడ ఉల్లిపాయలు ఆరబోసుకునేది, తలుపు తెరిచే ముందు వాటిని గిన్నెలోకి ఊడ్చి బల్ల లేపేసేది.

కాప్రాలో ఈ కథ పూర్తిచేసి, "అదీ సంగతి, ఆ రోజు నా తెలివితేటల వల్ల మీ అమ్మమ్మ రైలెక్కకుండా ఆగింది" అని మనవరాలి వైపు గర్వంగా చూశాను. మా ఆవిడ చిక్కుడుకాయల గిన్నె పక్కన పెట్టి, మళ్లీ దగ్గింది.

"మీరు కూర్చున్న చోట జాడీ పెట్టి ఉంటే సరిపోయేది" అంది.

"ఎక్కడ?"

"గట్టు మీద. కత్తిపీట తీసేసి మీరు కూర్చోలేదూ? మీరు కిందికి గెంతాక ఆ చోటు ఖాళీయేగా. జాడీని అక్కడికి జరిపి, రెండు చేతులా బల్ల లేపి, బయటికి రావచ్చు. రెండు నిమిషాల పని. కదిపినందుకు అమ్మ సణిగేది, అంతే. అప్పటికి స్టవ్వు కూడా వెలగడం లేదు."

నేను ఆ నాలుగడుగుల వంటింటిని మళ్లీ మనసులో గీశాను, పైనుంచీ, పక్కనుంచీ, అడ్డంగా కోసీ. ఉంది. ఆ చోటు ఉంది. ఆవిడ అరడుగు ఎక్కువని ఇన్నేళ్లూ చెబుతూనే ఉంది.

"నీకెప్పుడు తట్టింది ఇది?"

"మీరు 'చల్లగా ఉంది' అన్నప్పుడే."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా!"

"చెబితే మీరు బయటికొచ్చేసేవారు. బల్ల పనికిరాదని అమ్మకి తేలిపోయేది. సాయంత్రం రైలు." మళ్లీ గిన్నె ఒళ్లోకి తీసుకుని, ఒక చిక్కుడుకాయ ఈనె తీస్తూ అంది. "నాకు వెళ్లాలని లేదు."

మనవరాలు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, గోడకున్న ఆ బల్లని మెల్లగా లేపేసి వెళ్లిపోయింది. నేను మాత్రం ఆ ఊచల వెనక నిలబడ్డ కుర్రాణ్ణే చూస్తూ కూర్చున్నాను. ఎర్రటి కళ్లు, ఉప్పటి మజ్జిగ, చేతిలో గరిటె. తన కాపురాన్ని తనే నిలబెట్టుకుంటున్నానని ఎంత పొంగిపోతున్నాడో వెర్రివాడు! వాణ్ణి పిలిచి అసలు సంగతి చెబుదామనిపించింది గానీ, ఎందుకులే, కాసేపు అక్కడే ఉండనిద్దాం. తొందరేం లేదు.